చేప ఎంత, చెప్పింది ఎంత? గాలం కబుర్లను సరిదిద్దాలా వద్దా

విశాఖ పక్కన భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట, రుషికొండ పక్కన రాళ్ల మీద, కొండ దిగి యారాడ వైపు వెళ్తే అక్కడా, సెలవు రోజు పొద్దున్నే రాడ్డు, రీలు పట్టుకుని నిలబడే మనుషులు కనిపిస్తారు. వేటే బతుకుదెరువైన జాలర్లు వేరు, వీళ్లు వేరు. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం దొరికితే గాలం వేసే సరదా మనుషులు. పడితే కూరకి, లేకపోతే కబుర్లకి. ఈ కబుర్ల దగ్గరే ఒక చిన్న చిక్కు ఉంది. ఒకాయన మూడు కిలోల పండుగప్పని పట్టి, సాయంత్రానికి ఐదు కిలోలంటాడు. పక్కనే నిలబడి చూసినవాడికి అసలు సంగతి తెలుసు. అతను నోరు విప్పాలా, ఊరుకోవాలా?

దీని మీద రెండు వర్గాలున్నాయి. తప్పు తప్పే, అప్పుడే చెప్పెయ్యాలి అనేవాళ్లు ఒకరు. పోనీలెద్దూ, ఆయన సంతోషం ఆయనది, మన సొమ్మేం పోయింది అనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరూ ఒక మెట్టు వదిలేసి మాట్లాడుతున్నారని నాకనిపిస్తుంది. ముందు తేల్చాల్సింది, ఆ అంకె తప్పెలా అయింది అని. ఆ తర్వాత, ఆ అంకె ఆ కబురు దాటి ఇంకెక్కడికి వెళ్తోంది అని. ఈ రెండూ తెలిస్తే చాలాసార్లు గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది.

బెత్తెడు జరిగితే కిలోలు రెట్టింపు

చేప పెరిగేటప్పుడు పొడవు ఒక్కటే పెరగదు, వెడల్పూ మందమూ కూడా దానితోపాటే పెరుగుతాయి. అందుకే బరువు సుమారుగా పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు. పొడవు పది శాతం పెరిగితే బరువు 33 శాతం. పొడవు 26 శాతం పెరిగిందంటే బరువు రెట్టింపైనట్టే. జాతిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, మనం తినే చేపల్లో చాలావాటికి ఈ లెక్క బాగానే సరిపోతుంది.

ఒక పండుగప్ప మీద పెట్టి చూద్దాం. 60 సెంటీమీటర్ల చేప రెండున్నర, మూడు కిలోల మధ్య తూగుతుంది. పట్టినాయన రెండు చేతులూ చాపి "ఇంతుంది" అని చూపిస్తున్నప్పుడు ఒక్కో చెయ్యి బెత్తెడు బయటికి జరిగిందనుకోండి. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఏడెనిమిది సెంటీమీటర్లు. ఇప్పుడా చేతుల మధ్య దూరం 75 సెంటీమీటర్లు. చూసేవాళ్లకి అదేమంత తేడాగా కనిపించదు. కానీ 75 సెంటీమీటర్ల పండుగప్ప అంటే ఐదు కిలోల పైమాట.

దీన్ని వెనక నుంచి కూడా చదవాలి. మూడు కిలోల చేపని ఐదు, ఆరు కిలోలన్న మనిషిని మనం పచ్చి అబద్ధాలకోరు అనేస్తాం. పొడవు లెక్కలో చూస్తే ఆయన పొరబడింది పాతిక శాతమే. కంటి అంచనాలో ఆ మాత్రం తేడా ఎవరికైనా వస్తుంది. గది పొడవు ఎన్ని అడుగులో చూపుతో చెప్పమనండి, మనలో ఎంతమంది పాతిక శాతం లోపు నిలబడతామో తెలుస్తుంది. కిలోల్లో చెప్పించుకుంటున్నాం కాబట్టి ఆ పొరపాటు ఘనమై మన ముందుకొస్తోంది.

నీళ్లు చేసేది, రాడ్డు చేసేది

నీళ్లలో ఉన్న వస్తువుని నిటారుగా పైనుంచి చూస్తే అది అసలు లోతులో ముప్పావు వంతు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి అలా జరుగుతుంది. దగ్గరగా కనిపించింది పెద్దగానూ కనిపిస్తుంది. రుషికొండలో స్కూబా డైవింగ్ చేసినవాళ్లని అడగండి, మాస్కు పెట్టుకుని నీళ్లలో చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దగా ఉంటుందంటారు. రాళ్ల మీద నిలబడ్డవాడికి అంత తేడా రాదు, ఎందుకంటే కంటికీ నీటికీ మధ్య గాలిలోనే చాలా దూరం ఉంటుంది. అయినా ఎంతో కొంత ఉంటుంది. ఒడ్డుకి రాకుండా నీళ్లలోనే తెల్లగా ఒక్కసారి పక్కకి తిరిగి, లైను తెంపుకుని పోయిన చేప విషయంలో ఆ కొంతే సాక్ష్యం.

ఇంతకంటే పెద్ద మోసం రాడ్డుది. నీళ్లలో ఉన్నంతసేపూ చేప బరువు దాదాపుగా నీళ్లే మోస్తాయి. లైను మీద మనకి తెలిసేది దాని బరువు కాదు, అది ఈదే బలం, దానికి తోడు కెరటం వెనక్కి లాగే లాగుడు. ఆ లాగుడు కూడా ఉన్నదున్నట్టు చేతికి రాదు. రెండు మీటర్ల రాడ్డు తీసుకోండి. వెనక చెయ్యి పిడి చివర, ముందు చెయ్యి దానికి 40 సెంటీమీటర్ల ముందు ఉన్నాయనుకోండి. రాడ్డు కొసన ఒక్క కిలో లాగితే వెనక చెయ్యి నాలుగు కిలోల బలంతో కిందకి నొక్కి పట్టాలి, ముందు చెయ్యి ఐదు కిలోలు మొయ్యాలి. మీట సూత్రం అంటూ హైస్కూల్లో చెప్పిన పాఠం ఇదే. రాడ్డు వంగినప్పుడు ఆ దూరం తగ్గి భారం కొంత తగ్గుతుంది గానీ, పది నిమిషాలు అలా పట్టుకున్నాక మోచేతులు ఏం చెప్తాయో ఊహించండి. "కనీసం ఐదు కిలోలుంటాది" అని ఆయన చేతులు చెప్తున్నాయి. ఆయన దాన్నే మనకి చెప్తున్నాడు.

రీలు జర్రుమని తిరిగిందన్నది ఇంకో సాక్ష్యం. రీలులో డ్రాగ్ అని ఒకటుంటుంది. లైను తెగిపోకుండా, ఒక హద్దు దాటి లాగితే వదిలెయ్యడానికి. మామూలుగా లైను తెగే బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో దాన్ని బిగిస్తారు. తొమ్మిది కిలోలకి తెగే లైనైతే రెండు మూడు కిలోల లాగుడికే రీలు తిరగడం మొదలవుతుంది. అంటే ఆ చప్పుడు మనకి చెప్పేది మనం బిగించిన బిగింపు సంగతి. అయితే ఆ చప్పుడు వింటే గుండె ఆగదు కదా, అప్పుడు లెక్కలెవరికి గుర్తొస్తాయి!

ఇక ఫొటో. దీన్ని మాత్రం పొరపాటు ఖాతాలో వెయ్యలేను. ఫోను తీసేవాడు మీటరున్నర దూరంలో ఉంటాడు. చేప పట్టుకున్నవాడు దాన్ని 60 సెంటీమీటర్లు ముందుకి చాపుతాడు. అంటే మొహం మీటరున్నర దూరంలో, చేప 90 సెంటీమీటర్ల దూరంలో. మొహంతో పోలిస్తే చేప ఒకటిన్నర రెట్లు దాటి, ఇంచుమించు 1.67 రెట్లు కనిపిస్తుంది. ఘనం లెక్కలో చూస్తే నాలుగున్నర రెట్ల బరువు. గమనించి చూడండి: అలాంటి ఫొటోల్లో మోచేతులు తిన్నగా బిగుసుకుని ఉంటాయి, వేళ్లు చేప వెనక దాక్కుంటాయి, ముందుకి కనిపిస్తే బొటనవేలి కొసే కనిపిస్తుంది. వేళ్లు కనబడితే చూసేవాడికి కొలత దొరికేస్తుందని వాళ్లకి తెలుసు. చెయ్యి చాపడం పొరపాటున జరగొచ్చు గానీ, వేళ్లు దాచడం పొరపాటున జరగదు.

పోయిన చేప

చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. తప్పించుకున్న చేపని ఎవరూ తూచలేదు, ఎవరూ కొలవలేదు, అందుకని దానికి పెరగడానికి అడ్డేమీ ఉండదు. మొదటిసారి చెప్పినప్పుడు "నాలుగైదు కిలోలు". నాలుగైదులో నాలుగు త్వరగానే రాలిపోతుంది.

ఈ పెరుగుదలలో వినేవాళ్ల చెయ్యి కూడా ఉందని నా అనుమానం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమందికి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరూ చూసినవి అవే. ప్రశ్నలో ఒక్క క్రియ మార్చారు. "తగిలినప్పుడు" అన్న అర్థంలో అడిగితే తక్కువ వేగం చెప్పారు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అన్న అర్థంలో అడిగితే ఎక్కువ చెప్పారు. మనం ఏమని అడుగుతాం? "ఎంత పెద్ద చేప పోయింది బావా?" అని. పెద్దదని మనమే ముందు ఒప్పేసుకున్నాం, ఇక ఆయన చిన్న అంకె ఎలా చెప్తాడు?

దీనికి తోడు సున్నాలకీ ఐదులకీ మనకుండే మోజు. మూడు కిలోల ఏడొందలు అని ఎవరూ కబుర్లలో చెప్పరు. నాలుగంటారు. నాలుగు మాటకి నిండుగా ఉండదు, వారం తిరిగేసరికి ఐదవుతుంది. చేపల సర్వేలు చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. వాళ్లు రాసుకున్న కాగితాల మీద ఐదులు, పదులు ఉండాల్సినన్ని కంటే ఎక్కువ పోగుపడుతుంటాయి.

ఇద్దరూ నిజమే చెప్తూ పోట్లాడుకునే సందర్భమూ ఉంది. చేప పొడవు మూడు రకాలుగా కొలుస్తారు. మూతి కొస నుంచి తోక చివరి దాకా కొలిస్తే మొత్తం పొడవు. తోక రెండుగా చీలే చోటు దాకా కొలిస్తే ఫోర్క్ పొడవు. తోక రెక్కని వదిలేసి కండ ఆగిపోయే చోటు దాకా కొలిస్తే ప్రామాణిక పొడవు. గుండ్రటి తోకున్న పండుగప్పకి మొదటి రెండింటికీ తేడా రాదు. లోతుగా చీలిన తోకున్న వంజరానికి బాగానే వస్తుంది. బరువూ అంతే, కడుపు శుభ్రం చెయ్యక ముందు ఒకటి, చేశాక ఒకటి. ఇంట్లో తూచిన ఇల్లాలు చెప్పే అంకె, గట్టు మీద తూచిన మొగుడు చెప్పే అంకె కలవకపోతే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడినట్టు కాదు.

వినేవాళ్లు తీసే తరుగు

మరి తెలిసీ పెంచి చెప్పేవాళ్ల మాటేమిటి? వాళ్లూ ఉన్నారు, కోతల్లో పేరు మోసినవాళ్లూ ఉన్నారు. అయితే గాలం వాళ్ల మధ్య ఆ కోతలకి ఒక అలవాటైన సర్దుబాటుంది. వడ్ల కాటా దగ్గర తరుగు తీసినట్టే, వినేవాళ్లు కూడా మనసులో తరుగు తీసేసుకుంటారు. ఐదన్నాడా, మూడున్నర. పదన్నాడా, ఆరు. చెప్పేవాడికి తెలుసు వాళ్లు తీస్తారని, వినేవాళ్లకి తెలుసు వీడు కలిపాడని. ఎవరూ మోసపోలేదు కాబట్టి ఇది మోసం కాదు అనే వాదన వస్తుంది. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన మినహాయింపుల్లో చేపల ప్రస్తావన లేకపోయినా, మానం పోయే సందర్భం అన్న చోట గాలం వాళ్లు దూరిపోవచ్చు.

ఈ వాదనలో నాకు నచ్చనిది ఒకటుంది. తరుగు అందరికీ ఒకేలా తీస్తారు. నిజంగా ఆరు కిలోల పార చేప పట్టి, ఆరే అని చెప్పిన మనిషికి కూడా. విన్నవాళ్లు నవ్వి నాలుగు అనుకుంటారు. దాంతో వచ్చేసారి ఆయన ఎనిమిది చెప్తాడు, ఆరని నమ్మించడానికి. నిజం చెప్పే మనిషి కూడా అబద్ధం చెప్తే తప్ప నిజం చేరని పరిస్థితి వస్తుంది. సరదా కోతల వల్ల ఎవరికీ నష్టం లేదనేవాళ్లు ఈయన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

హార్బర్‌లో ఈ బాధ లేదు. ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట మొదలైతే అమ్మేవాళ్లు ఎక్కువంటారు, కొనేవాళ్లు తక్కువంటారు, చివరికి డబ్బు పెట్టేవాడు చేపని తిప్పి, మొప్పలు ఎత్తి, చూసుకునే పాడతాడు. కచిడి చేప పడిందంటే పేపర్లో వస్తుంది, లక్షల మాట వినిపిస్తుంది, అయినా అక్కడ కూడా చేతులు చాపి చూపించిన పొడవుకి ఎవరూ రూపాయి ఇవ్వరు.

అంకె బయటికి వెళ్లినప్పుడు

నా లెక్కలో అసలు గీత ఇక్కడ ఉంది. ఆ కిలోల మీద ఇంకెవరైనా ఏదైనా నిర్ణయం తీసుకోబోతుంటే సరిదిద్దాలి. కబురు కబురుగానే ఆగిపోతుంటే వదిలెయ్యొచ్చు.

పోటీ సంగతి చెప్పనక్కర్లేదు. 2022 సెప్టెంబర్ 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, ఈరీ సరస్సు మీద జరిగిన వాలై చేపల పోటీలో ఇద్దరి చేపలు చూపుకి 20 పౌండ్లు ఉండాల్సినవి కాటా మీద 34 పౌండ్ల దాకా తూగాయి. నిర్వాహకుడికి అనుమానం వచ్చి అందరి ముందూ కోసి చూస్తే కడుపుల్లోంచి సీసం గుండ్లు, వేరే చేపల ముక్కలు బయటపడ్డాయి. ప్రైజు దాదాపు 29 వేల డాలర్లు. 2023లో ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, పది రోజుల జైలు పడింది, పడవ పోయింది. అక్కడ పట్టిచ్చింది పైన చెప్పిన లెక్కే: ఆ పొడవుకి ఆ బరువు కుదరదని అనుభవమున్న కన్ను గుర్తుపట్టింది.

రికార్డుల వాళ్లయితే మాటని అసలు నమ్మరు. 1939లో మొదలైన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ నియమాల ప్రకారం కాటాకి సర్టిఫికెట్ ఉండాలి, చేపని నేల మీద తూచాలి, ఊగే పడవలో తూచింది చెల్లదు. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన లార్జ్‌మౌత్ బాస్ అనే చేప బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు. ఆ రికార్డు జోలికి డెబ్బయ్యేళ్ల పైన ఎవరూ రాలేకపోయారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా ఒకదాన్ని పట్టాడు, అది 22 పౌండ్ల 4.97 ఔన్సులు. ఔన్సు దగ్గర దగ్గర ఎక్కువే. కానీ పాతదాన్ని కొట్టాలంటే కనీసం రెండు ఔన్సులు మించాలన్నది నియమం, అందుకని ఇద్దరికీ సమానంగా రాశారు. అంతకు ముందు కురిటాకి లై డిటెక్టర్ పరీక్ష కూడా పెట్టారు, పాసయ్యాడు. మన రుషికొండ రాళ్ల మీద ఆ మెషీను పెడితే ఆదివారాలు ఎవరూ రారేమో.

సర్వేల దగ్గర ఇబ్బంది వేరే రకం. పడవల వేటని లెక్కగట్టడానికి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు రేవుల దగ్గర నమూనాలు తీసి, చేపల్ని బల్ల మీద పెట్టి కొలుస్తారు. ఆ సంస్థకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. గాలం వేటని లెక్కగట్టే దేశాల్లో మాత్రం మాట మీద ఆధారపడక తప్పదు. ఇంటికి తీసుకెళ్తున్న చేపని కొలవొచ్చు. తిరిగి నీళ్లలో వదిలేసిన చేపని ఎలా కొలుస్తారు? పట్టినవాడు చెప్పిందే లెక్క. గొప్ప కోసం పెంచిన అంకెలు కలిస్తే నీళ్లలో లేని పెద్ద చేపలు కాగితం మీద ఉంటాయి.

పెద్ద చేపలు ఉన్నాయా లేవా అన్నది చిన్న విషయం కాదు. పండుగప్ప మొదట మగగా ఎదిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. ఎవరైనా "భీమిలి దగ్గర పది కిలోలవి బోలెడున్నాయి" అంటే, అది నమ్మి ఒకటి ఉంచుకుంటే ఏం పోయిందనుకునేవాళ్లుంటారు.

ఇక్కడే నా వాదన నాకే ఎదురు తిరుగుతుంది. కోతలనుకుని మనం కొట్టిపారేసే మాటల్లో కొన్ని నిజాలు. కీ వెస్ట్ అని అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఊరు. అక్కడ సరదా వేటకి తీసుకెళ్లే పడవల వాళ్లు సాయంత్రం పట్టిన చేపల్ని బోర్డుకి వేలాడదీసి, పట్టినవాళ్లని పక్కన నిలబెట్టి ఫొటోలు తీసేవారు. లోరెన్ మెక్లెనకన్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి పోగైన ఆ ఫొటోల్లో చేపల్ని కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించింది. 1956లో సగటు చేప దాదాపు 20 కిలోలు. 2007కి వచ్చేసరికి 2.3 కిలోలు. ఫొటోలు లేకపోతే, అక్కడి ముసలాయన ఎవరైనా "మా రోజుల్లో మనిషంత చేపలు పడేవి" అంటే మనవలు నవ్వేవాళ్లు.

1995లో డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త దీని గురించే రాశాడు. ప్రతి తరం తాను చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది, అంతకు ముందు ఉన్నది కథ అనుకుంటుంది, అలా తరతరానికీ కొలబద్ద కిందకి జారుతుంది. మన దగ్గరా అంతే. నూరు పౌండ్ల మహసీర్ అనే నది చేప ఉందంటే ఇవాళ గాలం వేసే కుర్రాడు కోత అంటాడు. 1946లో మైసూరు దగ్గర కబిని నదిలో డి వెట్ వాన్ ఇంగెన్ పట్టిన మహసీర్ 120 పౌండ్లు తూగింది, అంటే 54 కిలోలు. కాబట్టి జాలరిపేటలో వయసుమళ్లిన తాతగారు కూర్చుని, వలలో పడ్డ కొమ్ముకోనం గురించో వంజరం గురించో చెప్తుంటే అడ్డు తగలకండి. ఏ ఏడాది, ఎక్కడ, ఎన్ని బారల లోతు నీళ్లలో అని అడగండి. ఆయన కిలోలు తప్పు చెప్పినా లోతు తప్పు చెప్పడు.

వెంటనే, నిర్మొహమాటంగా సరిదిద్దాల్సిన సందర్భం ఒకటుంది. కొత్తవాడు పక్కన వింటున్నప్పుడు. "ఆ కొస రాయి మీద నిలబడితే పది కిలోల పార ఖాయం" అని ఒకరంటే, ఆ కుర్రాడు మర్నాడు ఒక్కడే ఆ రాయి ఎక్కుతాడు. విశాఖ తీరం సంగతి తెలిసిందే, రాళ్ల మీద పాచి, హఠాత్తుగా వచ్చే కెరటం, కాళ్ల కింద నుంచి లోపలికి లాగే నీళ్లు. అక్కడ పడింది రెండున్నర కిలోల చేప, అదీ కెరటాలు లేని రోజున అని అప్పుడే చెప్పాలి. చెప్పుకున్నాయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

ఎలా చెప్పాలి

ఈ ఒక్క సందర్భం పక్కన పెడితే, మనిషిని పట్టుకుని "అంత లేదు" అనడం కంటే కొలత మధ్యలోకి తేవడం మేలు. భీమిలిలో ఒకసారి ఇద్దరు బావాబావమరుదుల మధ్య ఇది చక్కగా జరగడం చూశాను. చేప ఇసుక మీద ఉంది.

"ఏటి బావా, ఎంతుంటాది?"

"ఐదుకి తగ్గదురా."

"జానేసి చూద్దుమా?"

బావ కాదనలేకపోయాడు. కుర్రాడు బొటనవేలు చేప మూతి దగ్గర ఆనించి, చిటికెన వేలు చాపి, దాని మీద నుంచి మళ్లీ బొటనవేలు పెట్టి, అలా తోక దాకా వెళ్లాడు. మూడో జాన పూర్తయ్యేసరికి తోక దాటి రెండు వేళ్లు ఇసుక మీదకొచ్చింది. జానంటే తొమ్మిది అంగుళాలు. అంటే చేప 65 సెంటీమీటర్ల దగ్గర. బావ ఒక్క క్షణం దాన్ని చూసి, "సర్లే, మూడున్నర రాసుకో" అన్నాడు. ఎవరూ ఎవర్నీ అబద్ధాలకోరు అనలేదు.

అక్కడ పని చేసినవి రెండు. కొలవడం చేప ఇంకా ముందున్నప్పుడే జరిగింది, నలుగురికీ చెప్పేశాక కాదు. ఒకసారి ఐదు అని ఇంటి దగ్గర చెప్పేశాక వెనక్కి రావడం ఎవరికైనా కష్టం. పైగా అది ఆయన భార్య ముందో, అత్తారింట్లోనో, ఆఫీసులో ఆయన కింద పనిచేసేవాళ్ల ముందో అయితే అసలు నోరెత్తకండి. అక్కడ మీరు సరిదిద్దేది చేప బరువుని కాదని అందరికీ అర్థమవుతుంది. పెద్దాయనైతే "మీరు తూచారా అండీ?" అని విడిగా అడగొచ్చు. తూచి ఉంటే చెప్తారు, తూచకపోతే "అంచనా" అంటారు. ఆ అంచనా అన్న మాట ఆయన నోట వస్తే చాలు, మనకి కావలసింది దొరికినట్టే.

కాటా లేని చోట టేపు చాలు. పొడవుతో పాటు చేప నడుము చుట్టుకొలత కూడా తీసుకుని, చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 29 వేలతో భాగిస్తే కిలోలు సుమారుగా వస్తాయి. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. 70 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉంటే నాలుగు కిలోలకి కొంచెం తక్కువ. చేప ఆకారాన్ని బట్టి ఇది తప్పుతుంది, సన్నటి వాటికీ పొట్టివాటికీ ఒకే అంకె కుదరదు. అయినా చేతులు చాపి చూపించడం కంటే ఎంతో నయం. రాడ్డు మీదే 50, 60, 70 సెంటీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టుకునేవాళ్లుంటారు. చేపని వదిలేద్దామనుకునేవాళ్లకి అది మరీ ఉపయోగం, పక్కన పెట్టి ఒక్క ఫొటో తీసుకుని నీళ్లలోకి పంపెయ్యొచ్చు. పైన చెప్పిన అసోసియేషన్ కూడా 2011 నుంచి, కొలిచి ప్రాణంతో వదిలేసిన చేపలకి పొడవు రికార్డులు విడిగా ఇస్తోంది.

పిల్లల దగ్గర ఇంకా సులువు. మొదటి చేప పట్టిన పిల్లకి 22 సెంటీమీటర్లు అని గోడ మీద గీత గీసి చూపించండి, ఇల్లంతా తిరిగి అదే అంకె చెప్తుంది. పెంచి చెప్పడం మనల్ని చూసి తర్వాత నేర్చుకుంటారు.

చివరికి మిగిలే చిక్కు సాక్ష్యం. ఆయన ఐదు అనేసి, పదిమందిలో మన వైపు తిరిగి, "కావాలంటే వీణ్ణడగండి, పక్కనే ఉన్నాడు" అంటాడు. ఇప్పుడు ఊరుకోవడం కూడా ఒప్పుకోవడమే. నేనైతే కిలోల జోలికి వెళ్లను, పొడవు చెప్తాను: "ఇదిగో, మోకాలి దాకా వచ్చింది, మంచి చేప." కిలోలు ఆయన్నే చెప్పుకోనిస్తాను, తరుగు విన్నవాళ్లు తీసుకుంటారు. ప్రైజు ఉన్న రోజు మాత్రం ఈ మర్యాద పాటించను. కాటా దగ్గరికి పదండి అంటాను. కాటా మీదికి రాని చేపని లెక్కలో రాయొద్దంటాను, పట్టింది మా సొంత బావైనా సరే.